బిషప్ అజరయ్య గారు – అనుదినం దేవునితో నడక

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇవ్వమని మన సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు డోర్నకల్ బిషప్ అజరయ్య గారిది. ఆయన మన అనంతపురం జిల్లావారు కారు. పుట్టుకతో తెలుగువారు కూడా కారు. కన్నుమూసి ఎనభై ఏళ్ళు దాటింది. మన జిల్లాకు సేవ చేసిన పెద్దలను గురించి వ్రాసేవారు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. నేను ఈయనను ఎంచుకోవటానికి కారణం వేరే ఉంది.

ఉద్యోగ విరమణ తరువాత మా పేటలోని క్రైస్తవ విశ్రాంత ఉద్యోగులం కొందరం శనివారం సాయంత్రాలు ఒకచోట కూడి బైబిలు చదువుకొంటూ ఉంటాము. అక్కడ తరచుగా వచ్చే ప్రశ్న ఒకటే. ఆదివారం గుడిలో ఉన్న మనసు మంగళవారం నాటికి ఎందుకు ఉండదు? ఉజ్జీవ కూటాలలో కళ్ళనీళ్ళు పెట్టుకొన్నవారు నెల తిరిగేసరికి ఎందుకు చల్లబడతారు? హనోకు దేవునితో నడిచాడని ఆదికాండంలో ఉంది. నడక అంటే రోజూ వేసే అడుగులే కదా. ఆ అడుగులు ఎలా పడతాయో, పడుతూ ఉంటే మనిషి ఎలా ఎదుగుతాడో చూడాలంటే నాకు తెలిసిన జీవితాలలో అజరయ్య గారిదే ముందు నిలుస్తుంది. మన సంఘంలో అన్ని మతాల మిత్రులూ ఉన్నారు. నిత్యపూజ తప్పనివారికీ, అయిదు పూటల నమాజు విడువనివారికీ నేను చెప్పబోయే విషయం కొత్తగా ఉండకపోవచ్చు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళనాడులో, అప్పటి తిరునల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి తామస్ వేదనాయగం గారు హిందూమతం నుండి క్రైస్తవమతంలోకి వచ్చి, ఆంగ్లికన్ సంఘంలో గురువుగా పనిచేసినవారు. తల్లి పేరు ఎలెన్. ఒక ఆడపిల్ల పుట్టిన తరువాత చాలా ఏళ్ళు సంతానం లేక, ప్రార్థన చేసి కన్న బిడ్డ కాబట్టి బైబిలులోని హన్నా కొడుకు పేరే ఇతనికి శామ్యూల్ అని పెట్టుకొన్నారు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనే 1876-78 నాటి మహాకరువు వచ్చినప్పుడు ఈ బిడ్డ ఇంకా పాలబుగ్గల పసివాడు. పదిహేనేళ్ళ వయసు వచ్చేసరికి తండ్రి పోయారు. పెంపకం తల్లి చేతిమీదుగానే సాగింది. ఆమె భక్తి ఎంతటిదో క్రమశిక్షణ కూడా అంతటిదే.

పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. గణితం చదివారు. పరీక్షల సమయానికి జబ్బుపడటం వలన బి.ఏ. పట్టా చేతికి రాకుండానే కాలేజీ వదిలారు. మనలో సర్వీసు పుస్తకంలో విద్యార్హత గడి చూసి మనిషిని అంచనా వేయటం ఒక అలవాటుగా ఉండేది కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను. పట్టా లేని ఈ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు.

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఉద్యోగంలో చేరారు. దక్షిణ భారతదేశమంతా తిరిగి విద్యార్థుల మధ్య, యువకుల మధ్య పనిచేయటం ఆ ఉద్యోగం. పద్నాలుగేళ్ళు చేశారు. మంచి పేరు వచ్చింది. షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ మిత్రుడు అక్కడే దొరికారు. రంగు, దేశం అడ్డురాని ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. తెల్లవారు, నల్లవారు ఒకే బల్ల దగ్గర కూర్చోవటం అరుదుగా ఉన్న రోజులవి.

1898లో ఆయనకు మరియమ్మాళ్ శామ్యూల్ గారితో వివాహం జరిగింది. ఆమెను అందరూ పిలిచే పేరు అన్బు. తమిళంలో అన్బు అంటే ప్రేమ. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం తీసుకోలేదు. పెళ్ళి చాలా నిరాడంబరంగా చేసుకొన్నారు. నేటికి నూట ఇరవై ఏళ్ళు దాటింది. మన మనుమళ్ళ పెళ్ళిళ్ళకు కల్యాణ మండపాలు, క్యాటరింగులు మాట్లాడుకొంటున్న మనం ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగవచ్చు. వారికి నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు.

1902లో ఆయన సింహళంలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో సువార్త సేవ నడుపుకొంటున్నారు. తిరునల్వేలిలో అంతకంటే ఎన్నో రెట్లు క్రైస్తవులున్నా అటువంటి ప్రయత్నం లేదు. ఎప్పుడూ విదేశాల నుండి వచ్చే దొరల వైపు, దొరల డబ్బు వైపు చూడటమే. ఆ వెలితి ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. 1903 ఫిబ్రవరిలో మిత్రులతో కలిసి పాళయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించారు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా దాని వెనుక ఆయన ఉన్నారు. భారతీయుల మనుషులు, భారతీయుల డబ్బు, భారతీయుల నిర్వహణ అనేవి ఆ సంస్థల నియమాలు. అదే సంవత్సరం బెంగాలులో స్వదేశీ ఉద్యమం రేగిందని గుర్తుకు తెచ్చుకొంటే ఈ ఆలోచన గాలిలో నుండి ఊడిపడలేదని తెలుస్తుంది.

తిరునల్వేలి సొసైటీ వారు సేవకు ఎంచుకొన్న ప్రాంతం నిజాం రాజ్యంలోని డోర్నకల్. కాజీపేట నుండి విజయవాడ పోయే రైలు మార్గంలో సింగరేణి గనుల వైపు లైను చీలే జంక్షను అది. ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఎండలకు, రాళ్ళకు, జ్వరాలకు లోటులేని చోటు. అక్కడికి మనుషులను పంపటానికి డబ్బు కూడబెట్టిన అజరయ్య గారు, ఇతరులను పొమ్మని తాను మద్రాసులో ఉండటం న్యాయం కాదని నిశ్చయించుకొన్నారు. 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలారు. అదే సంవత్సరం గురువుగా అభిషేకం పొందారు. భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకొని, ఆ భాషలోనే పల్లెజనానికి బోధించే స్థాయికి వచ్చారు. డెప్యుటేషను మీద పక్క జిల్లాకు పొమ్మంటేనే మెడికల్ సర్టిఫికెట్లు పెట్టిన మిత్రులు ఇది చదివి నవ్వుకొంటారని ఆశిస్తున్నాను.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకొన్న విషయానికి వస్తాను.

అజరయ్య గారి దినచర్య గురించి ఆయనతో కలిసి పనిచేసినవారు వ్రాసి పెట్టారు. ఆయన వెంట డోర్నకల్‌లో పనిచేసిన కెరోల్ గ్రాహం గారనే ఇంగ్లీషు వనిత ఆయన జీవిత చరిత్రే వ్రాశారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవటం ఆయన అలవాటు. ఇల్లు మేలుకొనక ముందు, గుమ్మంలోకి జనం రాక ముందు బైబిలు, ప్రార్థన. తన కోసం చేసుకొనే ప్రార్థన కంటే ఇతరుల కోసం చేసే విజ్ఞాపన ఎక్కువ. పల్లెల్లోని గురువులను, బడులను, ఉపాధ్యాయులను పేరు పేరునా దేవుని ఎదుట పెట్టటం అందులో పెద్ద భాగం. ఊళ్ళ మీద ఉన్నా, ఎడ్లబండి ప్రయాణంలో ఉన్నా, గుడారంలో ఉన్నా ఈ క్రమం ఆయన వదలలేదు.

ఇందులో విశేషమేముంది, పెద్ద బిషప్పు గారికి అది వృత్తి ధర్మమే కదా అనిపించవచ్చు. నేను దీనిని వేరే విధంగా అర్థం చేసుకొంటాను. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి. తాలూకా ఆఫీసు ఆవరణలో వాన కొలిచే రెయిన్ గేజి ఒకటి ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గుమాస్తా వెళ్ళి, అందులో ఉన్నది కొలపాత్రలో పోసి చూసి రిజిస్టరులో వ్రాయాలి. మన జిల్లా సంగతి మీకు తెలిసిందే. పడమటి కొండలు నైరుతి మేఘాలను ఆపుకొంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరంలోనే కురిసి మన వరకు వచ్చేసరికి డస్సిపోతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత వాన తక్కువగల జిల్లా మనదేనని చెప్పుకొంటూ వచ్చాము. అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ రిజిస్టరులో పడేది సున్నాయే. వారాల తరబడి సున్నా. అయినా గుమాస్తా పోకుండా ఉండటానికి వీలు లేదు. సున్నా అయినా చూసి వ్రాసిన సున్నాయే కావాలి, ఊహించి వ్రాసిన సున్నా పనికిరాదు. కరువు మండలంగా ప్రకటించాలన్నా, శిస్తు రెమిషన్ ఇవ్వాలన్నా ఆ సున్నాల వరుసే ఆధారం. వాన పడిన రోజున అంకె వేయటం ఎవరైనా ఉత్సాహంగా చేస్తారు.

ప్రార్థనలో కూడా వాన పడని రోజులే ఎక్కువ. మనసు కరగదు, మాట రాదు, చదివిన వాక్యం తలకెక్కదు. అజరయ్య గారికి ఆ ఎండు రోజులు లేవని అనుకోవటానికి వీలు లేదు. ముప్పై ఆరేళ్ళు డోర్నకల్‌లో ఉన్న మనిషికి జ్వరాలు ఉన్నాయి, కలహాలు ఉన్నాయి, అవమానాలు ఉన్నాయి. ఆ గంట మాత్రం ఉంది. భావోద్రేకం వచ్చినప్పుడు ప్రార్థించటం కాక, గడియారం చెప్పినప్పుడు ప్రార్థించటం ఆయన పద్ధతి. అది యాంత్రికం అనేవారు ఉన్నారు. ఆ యాంత్రికత నుండి వచ్చిన ఫలితం చూసి మాట్లాడితే బాగుంటుంది.

అవమానం అన్నాను కాబట్టి ఆ కథ చెప్పాలి. 1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు వచ్చిన ఆ సభలో ఆసియా వారు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. అజరయ్య గారికి మాట్లాడే అవకాశం ఇచ్చారు. వందల మంది మిషనరీల ఎదుట ఆయన ఒక చేదు నిజం చెప్పారు. మా దేశానికి మీరు ఎంతో ఇచ్చారు, పేదలకు అన్నం పెట్టారు, ప్రాణాలు కూడా ధారపోశారు, కానీ మమ్మల్ని సమానులుగా ఎంచి స్నేహితులుగా చూడటం ఇంకా నేర్చుకోలేదు, మాకు కావలసింది ఆ స్నేహమే అని ఆయన చెప్పిన సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. ఇంకొందరు సిగ్గుపడ్డారు. ఆ ప్రసంగాన్ని నేటికీ ప్రపంచ క్రైస్తవ చరిత్ర గ్రంథాలు తలుచుకొంటాయి.

ఆ తరువాత మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు ఈయనను బిషప్పుగా చేయాలని పట్టుబట్టారు. ఆంగ్లికన్ సంఘంలో అప్పటికి ఒక్క భారతీయుడు కూడా బిషప్పు కాలేదు. ఇంగ్లీషువారు ఒక నల్లవాని కింద పనిచేస్తారా అని ఒక వైపు ప్రశ్న. మరొక వైపు ఆయన సొంత తిరునల్వేలి క్రైస్తవులలోనే కొందరు అడ్డు చెప్పారు. బయటివారి మాట కంటే ఇంటివారి మాట ఎక్కువ గుచ్చుకొంటుంది. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్పు అభిషేకం జరిగింది. వయసు ముప్పై ఎనిమిది. మొదట చేతికి ఇచ్చిన డయాసిస్ చాలా చిన్నది. 1920 తరువాత కృష్ణా జిల్లా ప్రాంతంలోని సంఘాలు కూడా కలిశాయి. వాటిలో పనిచేసే ఇంగ్లీషు మిషనరీలు భారతీయ బిషప్పు అధికారం కిందికి వచ్చారు. సాధ్యం కాదన్నది అయింది.

పదవి వచ్చింది కదా అని ఆయన డోర్నకల్ బంగళాలో కూర్చోలేదు. ఏడాదిలో ఎక్కువ భాగం పల్లెల మీదనే. ఆ పల్లెల్లో సంఘాలలో చేరేవారు దాదాపు అందరూ మాల, మాదిగ వాడల కూలి జనం. పగలంతా పొలంలో ఉంటారు. అందువలన సంఘ కూడిక రాత్రివేళ, కూలి నుండి తిరిగి వచ్చిన తరువాత, లాంతరు వెలుగులో జరిగేది. చదువు రానివారు బాప్తిస్మానికి ముందు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్చుకోవాలి. బైబిలు కథలను కీర్తనలుగా పాడుకొని గుర్తుంచుకొనేవారు. రోజూ సాయంత్రం పల్లె ఉపాధ్యాయుడు గంట కొడితే గుడిలో, గుడి లేకపోతే బడిలో, అదీ లేకపోతే చెట్టుకింద చేరి ప్రార్థన. బిషప్పు గారు తెల్లవారుజామున తనకు పెట్టుకొన్న నియమమే, కూలివాని వీలును బట్టి, రాత్రి నియమంగా పల్లెలో నిలబడింది.

మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ పల్లెకు పట్టిన నాలుగు దయ్యాలుగా ఆయన బోధించేవారు. ఇక్కడ ఆయన ఆధ్యాత్మికతకు కాళ్ళు నేల మీద ఉన్నాయి. ప్రార్థన చేసేవాడు ఇల్లు ఊడ్చుకొన్నాడా, కల్లు మానాడా, షావుకారు నోటు కాగితం మీద వేలిముద్ర వేయటం తగ్గించాడా అన్నది ఆయనకు కావాలి. బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు ఆ డయాసిస్‌లో గుళ్ళతో పాటే పెరిగాయి. కరువు సీమలో పుట్టిన మనకు అప్పు అనే దయ్యం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. వేరుశనగ విత్తనాలకు చేసిన అప్పు పంట పోయిన తరువాత కూడా ఏడాదికేడాది పెరగటం మనం ఫైళ్ళలోనూ చూశాము, ఇళ్ళలోనూ చూశాము.

ఆయన ప్రోత్సహించిన ఇంకొక ఆచారం పిడికెడు బియ్యం. ఇంటి ఇల్లాలు పూట పూటకు వంటకు గింజలు తీసేటప్పుడు అందులో నుండి ఒక పిడికెడు వేరే కుండలో దేవుని కోసం వేయాలి. ఆదివారం ఆ గింజలు గుడికి వస్తాయి. జొన్నలైతే జొన్నలు, బియ్యమైతే బియ్యం. కూలి కుటుంబంలో నెల జీతం లేదు, చందా పుస్తకం లేదు. పిడికెడు ఉంది. ఆ పిడికెడు తీసేటప్పుడల్లా ఆమెకు దేవుడు గుర్తుకు వస్తాడు, అది కూడా ఒక ప్రార్థనే. క్రైస్తవ దానం గురించి ఆయన ఒక పుస్తకమే వ్రాశారు. అది చాలా భాషల్లోకి వెళ్ళింది. ఇచ్చేవాడు బీదవాడని వానిని మినహాయిస్తే వానిని తక్కువ చేసినట్లే అన్నది ఆయన భావన. పంటకోత పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్ళు, ధాన్యం నెత్తిన పెట్టుకొని జనం గుడికి వచ్చేవారు.

కొత్తగా సంఘంలోకి వచ్చేవారి చేత ఆయన చేయించిన ఒక పని కూడా చెప్పుకోదగినది. వారు తమ చేతులు తామే తమ తల మీద పెట్టుకొని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను తమ మాటగా ఒప్పుకోవాలి. అంటే, నిన్న చేరిన కూలివాడు కూడా నేడు సేవకుడే. సంవత్సరానికి ఒకసారి సాక్ష్య వారం పెట్టేవారు. ఆ వారంలో చదువు లేని సామాన్య విశ్వాసులే పక్క ఊళ్ళకు వెళ్ళి తమ జీవితంలో ఏం మార్పు వచ్చిందో తమకు తోచిన విధంగా చెప్పేవారు. మార్పు కళ్ళ ఎదుట కనబడటం వలన కొన్ని చోట్ల శూద్ర కులాల వారు కూడా సంఘాలలోకి వచ్చారు.

అన్బు అమ్మగారి పాత్ర ఇందులో చిన్నది కాదు. పల్లె ఉపాధ్యాయుల భార్యలకు చదువు, ఆరోగ్యం, పిల్లల పెంపకం నేర్పించే పని ఆమె చేశారు. గురువు ఇంటిలో క్రమం లేకపోతే గురువు బోధ నిలవదని ఆ దంపతులకు తెలుసు. భర్త ఏడాదిలో సగం ఊళ్ళ మీద తిరిగే ఇంటిని ఆరుగురు పిల్లలతో నడపటం ఎంతటిదో క్యాంపు క్లర్కుల ఇల్లాళ్ళు చెప్పగలరు. జీవిత చరిత్రల్లో ఆమెకు దక్కిన పుటలు తక్కువ అని నా అభిప్రాయం.

1930ల మధ్యకు వచ్చేసరికి ఆ డయాసిస్‌లో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. సంఘస్తుల సంఖ్య రెండు లక్షలు దాటింది. విజయవాడలో ఆయన పేరు పెట్టుకొన్న బాలికల ఉన్నత పాఠశాల మనలో చాలామంది చూసే ఉంటారు.

ఒక వివాదాన్ని దాటవేయకుండా చెప్పాలి. దళితుల మతమార్పిడుల విషయంలో 1930లలో గాంధీజీకీ ఆయనకూ గట్టి అభిప్రాయ భేదం ఉండేది. ఆ మార్పిడులు తగవని గాంధీజీ భావించారు. పేదవానికి కూడా తన ఆత్మ విషయం తాను నిర్ణయించుకొనే తెలివి, హక్కు ఉన్నాయని అజరయ్య గారు నిలబడ్డారు. అదే అజరయ్య గారు 1932లో ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపితే వద్దన్నవారిలో ఉన్నారు. సంఘం ఓట్ల గుంపుగా మారితే సంఘంగా మిగలదని ఆయన భయం. ఎవరి పక్షం న్యాయమో ఈ సంచికలో తేల్చటం నా పని కాదు. రెండు వైపులా రోజూ తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసేవారే ఉన్నారన్నది మాత్రం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

డోర్నకల్‌లోని కెథీడ్రల్ ఆయన చేతుల మీద ఏళ్ళ తరబడి కట్టుబడి సాగి 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ జరుపుకొంది. విలాయతీ నమూనా కాదు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకు వస్తుంది, స్తంభాలు చూస్తే మన దేవాలయ మండపం గుర్తుకు వస్తుంది. రాతిలో చెక్కిన తామరపూలు, వాటి మీద సిలువ. కూలిజనం పిడికిళ్ళు కూడా ఆ గోడలలో ఉన్నాయి.

ఇప్పుడు మన సీమతో ఆయనకున్న సంబంధం చెబుతాను. మన అనంతపురం 1882 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారికి లండన్ మిషన్ వారు 1810లోనే వచ్చారు. తరువాత గుత్తి, అనంతపురం, కడప వైపు సంఘాలు వారివి. నంద్యాల వైపు సంఘాలు ఆంగ్లికన్ వారివి. అవి అజరయ్య గారి డయాసిస్‌లో ఉండేవి. ఒక ఊరి క్రైస్తవుడు పక్క ఊరికి వలస పోతే అక్కడి గుడిలో ప్రభు సంస్కారం తీసుకోవటానికి వీలు లేని పరిస్థితి. కరువు సంవత్సరంలో పని వెదుక్కొంటూ పోయే మన సీమ జనానికి ఇది ఎంత అన్యాయమో ఆలోచించండి. విలాయతులో ఎప్పుడో వచ్చిన తగాదాలకు మన వాడల మధ్య గోడలు ఎందుకని అజరయ్య గారి బాధ. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో దక్షిణ భారత సంఘాల ఐక్యతకు పిలుపు ఇచ్చినవారిలో ఆయన ముఖ్యులు. అప్పటి నుండి చర్చలు, కమిటీలు, సవరణలు, మళ్ళీ చర్చలు. ఇరవై ఆరేళ్ళు. ఫైలు ఎన్నిసార్లు వెనక్కు వచ్చినా ఆయన మళ్ళీ పైకి పంపారు. నాలుగున్నర గంటల ప్రార్థనలో ఈ అంశం ఎన్ని వేల సార్లు దేవుని ఎదుటకు వెళ్ళి ఉంటుందో లెక్క వేయవచ్చు.

ఐక్యత చూడటానికి ఆయనకు ఆయువు చాలలేదు. కొద్ది రోజుల జ్వరంతో 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. వయసు డెబ్బై. పదవీ విరమణ అంటూ ఆయనకు లేకపోయింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది, ఆవిర్భవించింది. మన అనంతపురం, గుత్తి సంఘాలు మొదటి రోజునే అందులో ఉన్నాయి. అయితే ఆయన సొంత డయాసిస్‌లోని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్‌లలో చాలామంది చేరటానికి ఒప్పుకోలేదు. పాత ఆచారం పోతుందేమోనని వారి అనుమానం. పక్కపక్క ఊళ్ళలో, ఒకే బంధువర్గంలో, రెండు సంఘాలు. పెళ్ళికి పిలిస్తే వస్తారు, సంస్కారానికి రారు. ఎన్నో ఏళ్ళు అలాగే గడిచాయి. అజరయ్య గారు పోయిన ముప్పై ఏళ్ళకు, 1975లో, నంద్యాల డయాసిస్ కూడా సి.ఎస్.ఐ.లో చేరింది.